జ్వరం దిగితే గండం గడిచినట్టేనా?

వానాకాలం వచ్చిందంటే చాలు, హాస్టల్లో ఎవరో ఒకరి చేతిలో రక్తపరీక్ష కాగితం కనిపిస్తుంది. దాని మీద 'ఎన్.ఎస్.1 పాజిటివ్' అని ఉంటే డెంగీ అని అందరికీ తెలుసు. ఇక అక్కణ్ణుంచి ప్లేట్‌లెట్ల లెక్కలు, బొప్పాయి ఆకు రసాలు. నాలుగైదు రోజులకు జ్వరం దిగగానే 'హమ్మయ్య' అనుకుని క్లాసుకు బయల్దేరతాం. నా మనవి ఏమిటంటే, అసలు జాగ్రత్త పడవలసింది అప్పుడే!

ఎన్.ఎస్.1 అనేది డెంగీ వైరస్ తయారు చేయించే పది ప్రోటీన్లలో ఒకటి. వైరస్ సోకిన కణాల నుంచి అది రక్తంలోకి వచ్చేస్తుంది కనుకనే పరీక్షకు దొరుకుతుంది. మనం దాన్ని రోగానికి గుర్తుగా మాత్రమే చూస్తాం. కాని అది ఊరికే ఉండదని 2015లో వెలువడిన పరిశోధనలు చూపాయి. మన తెల్ల రక్తకణాల మీద టి.ఎల్.ఆర్.4 అనే గ్రాహకం ఉంది. బాక్టీరియా విషాన్ని పసిగట్టడం దాని పని. ఎన్.ఎస్.1 దాన్ని తట్టి లేపుతుంది. కణాలు రెచ్చిపోయి సైటోకైన్లను కుమ్మరిస్తాయి. రక్తనాళాల లోపలి పొర సడలి ప్లాస్మా బయటికి కారిపోతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే!

ఇంకో చిక్కుంది. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకానికి పుట్టిన ప్రతిరక్షకాలు మరో రకాన్ని పట్టుకుంటాయి గాని, ఒక్కోసారి చంపలేక తెల్లకణాల్లోకే చేరవేస్తాయి. ఫిలిప్పీన్స్‌లో 2016లో మొదలుపెట్టి 8 లక్షలకు పైగా పిల్లలకు డెంగీ టీకా వేశారు. అంతకు ముందు డెంగీ సోకని వారికి ఆ టీకా వల్ల తీవ్రవ్యాధి ముప్పు పెరుగుతుందని తేలడంతో 2017 చివర ఆపేశారు.

కాబట్టి 'ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిది' అన్న మాట సగమే నిజం. పరీక్షల్లో మనం రోగనిరోధక శక్తిని కోటగోడతో పోల్చి మార్కులు కొట్టేస్తున్నాం. ఆ కోటలోని సైన్యం అదుపు తప్పితే ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగరు, మనమూ చదవం.

జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలు కీలకం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత – వీటిలో ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ప్లేట్‌లెట్లే కాదు, రక్తం చిక్కబడటాన్ని తెలిపే హిమటోక్రిట్ కూడా చూపించుకోవాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోరాదు. వచ్చే వానాకాలం లోపు మన యూనియన్ వారు ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద ఈ నాలుగు ముక్కలూ రాయిస్తే, మనం చదివిన జీవశాస్త్రం ఒక్క ప్రాణమైనా నిలబెట్టవచ్చు!