సంచి మీద చొప్ప లెక్క ఏది?

2023లో చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. జొన్న రొట్టెకూ కొర్ర బిస్కెట్‌కూ వేదికల మీద పెద్దపీట వేశారు. చొప్ప మాట ఎత్తినవాళ్లు మాత్రం మాకు కనపడలేదు. జొన్న, సజ్జ వేసే రైతుకు గింజ సగం పంటే. మిగతా సగం గొడ్ల నోటికి.

మొదటి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1ను 1964లో విడుదల చేశారు. పొట్టి రకం, తొందరగా కోతకొచ్చేది. గింజ దిగుబడి పెరిగింది, కాదనం. కొట్టంలో చొప్ప తగ్గింది. షోలాపూర్ వైపు రబీ రైతులు పాత మాల్దండిని ఇంకా పట్టుకుని ఉంటే మొండితనం అంటారు. మొండితనం కాదది, గింజా చొప్పా రెండూ ఇచ్చే రకమని వాళ్లకు తెలుసు.

చొప్పను పెంచే గుణాలేవో శాస్త్రవేత్తలకు తెలియక కాదు. మొక్క ఎత్తు, ఆకుల సంఖ్య, ఆకు వెడల్పు, కాండం లావు, పిలకలు, పూతకు పట్టే రోజులు. ఇవన్నీ పరిశోధన మళ్లలో కొలుస్తూనే ఉన్నారు. పూత ఆలస్యమైతే ఆకులు ఎక్కువొస్తాయి, కానీ వాన ముందే ఆగితే గింజ తాలుపోతుంది. కాండం మరీ లావైతే గొడ్డు ఆకు తిని దంటు వదిలేస్తుంది. కాబట్టి ఉత్త పొడుగు రకాలు ఇమ్మని మేం అడగడం లేదు. గింజ ముదిరినా ఆకు పచ్చగా నిలిచే గుణం ఉంది, ఈనె గోధుమ రంగులో ఉండి సులువుగా అరిగే జొన్న ఉంది. హైదరాబాద్ చొప్ప మార్కెట్‌లో పరిశోధకులు చూసినప్పుడు కూడా బాగా అరిగే చొప్పకే ఎక్కువ ధర పలికింది. మన పాడి రైతు చేత్తో విరిచి, నమిలి చూసి చెప్పేదీ అదే!

తెలిసింది రైతు దాకా ఎందుకు రాదు? మద్దతు ధర గింజకే. విత్తన సంచి మీద క్వింటాళ్లు గింజవే. కరువులో గింజ పోతే లెక్క రాస్తారు. చొప్ప లేక గేదెను సంతకు తోలితే ఏ కాగితంలోనూ ఎక్కదు.

మా డిమాండ్: ఎకరాకు ఎండు చొప్ప ఎంత వస్తుందో ప్రతి సంచి మీదా అచ్చు వేయాలి. చొప్ప తూకం, అరుగుదల చూడకుండా కొత్త రకాన్ని విడుదల చేయకూడదు. పంట నష్టంలో చొప్పనూ లెక్కగట్టాలి.

సభ్యులంతా ఈసారి విత్తనం కొనేటప్పుడు డీలర్‌ను చొప్ప గురించి అడగండి. ఏం చెప్పాడో రాసి మండల కమిటీకి ఇవ్వండి.