డిపో గోడ మీద ఎవరి పేరుంది?

2018 జూలై 5 తెల్లారుజామున హైదరాబాద్ గౌలిగూడలో పాత బస్టాండు కప్పు కుప్పకూలింది. పాతవాళ్లు మిస్రీమండ్ అని పిలిచిన ఇనుప హ్యాంగర్ అది. కొద్దిరోజుల ముందే ప్రమాదం పసిగట్టి జనాన్ని లోపలికి రానీయకుండా ఆపేశారు కాబట్టి ప్రాణాలు పోలేదు. నిజాం కాలపు గుర్తు ఒకటి పోయిందని పత్రికలు బాధపడ్డాయి. బాధపడటం తప్పు కాదు. మేమూ బాధపడ్డాం. అయితే మా బాధ వేరు. ఆ కప్పుతోపాటు రాజుగారి ముచ్చట పోలేదు, అది పుస్తకాల్లో భద్రంగా ఉంది. పోయింది మన ముచ్చట. అది ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. విమానాల కోసం తెప్పించిన హ్యాంగర్ అది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పుడు దాన్ని బస్సుల డిపోగా మార్చారు. మొదటి రోజున ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. తర్వాత 1951 నవంబర్ 1న ఆ శాఖ రైల్వే చేతి నుంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. గౌలిగూడ డిపో కాస్తా పట్నానికి పెద్ద బస్టాండు అయింది. 1994లో ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వచ్చేదాకా జిల్లాల బస్సులకు అదే అడ్డా. ఆ తర్వాత సిటీ బస్సులకు వాడుకున్నారు.

పక్కనే ఉస్మానియా దవాఖాన. మూసీ దాటితే హైకోర్టు. రోగమొస్తే, భూమి తగాదా వస్తే, కూలి దొరక్కపోతే పల్లెల జనం దిగిన చోటు అది. రాత్రి బస్సు తప్పితే చేతిసంచి తలకింద పెట్టుకుని పడుకున్న చోటు అది. ఇంత జనం బతుకు నడిచిన చోటును పట్టుకొని 'నిజాం హ్యాంగర్' అని రెండు మాటల్లో ముగిస్తే ఒప్పుకుందామా?

పేర్ల సంగతే చూద్దాం. ఆర్టీసీ బస్సు నంబరులో 'జెడ్' అక్షరం ఉంటుంది. అది ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిన అక్షరమని అందరూ చెప్పుకుంటారు. మంచిదే. కొడుకు తల్లిని తలుచుకున్నాడు. తొంభై ఏళ్లు దాటినా ఆ తల్లి పేరు ఊరూరా తిరుగుతున్నది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకదాన్ని బస్‌భవన్‌లో బాగుచేసి దాచిపెట్టారు. స్కాట్లండ్ కంపెనీ పేరు ఇంకా మన నోట్లో ఉంది. రాజుగారి తల్లి పేరుంది, కంపెనీ పేరుంది. మరి పొద్దున్నే బస్సు కడిగినవాడి తల్లి పేరేది? డిపో ఊడ్చిన అవ్వ పేరేది? ఆ 166 మందిలో వాడల నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఏ శిలాఫలకం చెప్తుంది?

మన షాబాద్ వాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. షాబాద్ బండ అంటే ఇల్లు కట్టే ప్రతివాడికీ తెలుసు. పట్నం పోయి ఊరి పేరు చెప్తే "ఓహో, బండల ఊరా" అంటారు. ఆ బండ పేరు మన ఊరిది కాదు. గుల్బర్గా దగ్గరి షాహాబాద్‌ది. 1956 దాకా ఆ ఊరూ హైదరాబాద్ రాజ్యంలోదే. నిజాం కాలపు కట్టడాలు మొదలుకొని మన బడుల దాకా ఎన్నింట్లోనో అదే నాపరాయి పరుచుకుని ఉంది. గమ్మత్తు చూడండి. రాయికి ఊరి పేరు దక్కింది. రాయి కొట్టినవాడికి ఏ పేరూ దక్కలేదు. రాయి కొట్టే పని ఎవరిదో, మట్టి తట్ట ఎవరి నెత్తి మీదిదో, సున్నం తొక్కిన కాళ్లు ఎవరివో ఏ వాడలో అడిగినా చెప్తారు. చరిత్ర రాసినవాళ్లనే ఎవరూ అడగలేదు.

ఇక్కడ మనోళ్లే కొందరు ఒక మాట అంటున్నారు. "నిజాం గోడలతో మనకేం పని? అవి నిలిస్తే ఏంది, కూలితే ఏంది? ఊర్ల వెట్టి చేయించిన రాజ్యమే కదా." కోపంలో న్యాయం ఉంది. వెట్టి మా తాతల వీపుల మీద ఇంకా కనబడుతుంది. అధికారి ఊర్లోకి వస్తే మూటలు మోసింది, కబుర్లు ఊరూరా చేరవేసింది, పైసా కూలి లేకుండా చాకిరీ చేసింది మాల మాదిగలే. అయినా గోడ కూలితే మనకు లాభం లేదు. గోడ కూలితే సాక్ష్యం కూలుతుంది. నేరం చేసినవాడు సాక్ష్యం పోవాలని కోరుకోవాలి గాని, దెబ్బలు తిన్నవాడు కోరుకుంటాడా?

మనకు ప్రయాణం అంటే ఏమిటో బాబాసాహెబ్ అంబేద్కర్ తన అనుభవాలతోనే రాసిపెట్టారు. 1929లో బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా ఆయన చాలీస్‌గావ్ వెళ్లారు. అంటరానివాణ్ని ఎక్కించుకోమని టాంగావాళ్లు మొరాయించారు. వాడవాళ్లు టాంగా అద్దెకు తెచ్చి, తోలడం రాని తమ మనిషి చేతికే పగ్గాలిచ్చారు. దారిలో చక్రం ఇరుక్కుని బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు. కాలు విరిగింది. విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చిన మనిషికే ఆ గతి. 1934లో ముప్పై మంది దాకా తోటివాళ్లతో వేరూల్ గుహలు చూడబోతూ దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అది నిజాం రాజ్యంలోని కోట. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలు, కాళ్లు అక్కడి చెరువు నీళ్లతో కడుక్కున్నందుకు, చెరువు మైల పడిందని జనం మీదికొచ్చారు. చివరికి కోట లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడటానికి వెంట ఒక సిపాయిని పెట్టి పంపారు.

ఆ సంవత్సరం మళ్లీ గుర్తు చేసుకోండి. 1934. అంటే హైదరాబాద్‌లో నిజాం బస్సులు రోడ్డెక్కిన రెండేళ్లకు. ఒకే రాజ్యం. ఒక దిక్కు కొత్త మోటారు బస్సు, ఇంకో దిక్కు చెరువు గట్టు మీద కాపలా. దౌలతాబాద్ కోటను మహా కట్టడమని చూపించేవాళ్లు ఈ ముచ్చట చెప్పరు. మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు?

అందుకే బస్సు మనకు ఉత్త బండి కాదు. టికెట్టు కులం అడగదు. పైసలిచ్చినవాడు సీట్లో కూర్చుంటాడు. ఊర్లో దొర ఎదురైతే చెప్పులు చేతపట్టుకోవలసిన మనిషి, బస్సెక్కి అదే దొర పక్కన కూర్చున్నాడు. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్లు చుండూరును గుర్తు చేసుకోవాలి. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ పెరిగి పెరిగి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యలదాకా పోయింది. పక్కపక్కన కూర్చోవడానికి మనం ప్రాణాలతో ధర చెల్లించాం. ఆ తర్వాత డ్రైవరుగా, కండక్టరుగా, మెకానిక్కుగా వాడల పిల్లలు డిపో గేటు లోపలికి పోయారు. ఎన్నో ఇండ్లకు నెల జీతం అన్న మాట మొదట ఖాకీ బట్టలతోనే వచ్చింది. 2019 అక్టోబర్ 5 నుంచి యాభై రోజులకు పైగా సమ్మె చేసి రోడ్ల మీద నిలబడ్డవాళ్లలో వాళ్లూ ఉన్నారు. డిపో చరిత్ర అంటే ఇదంతా. రాజు గారు తెప్పించిన ఇనుప కప్పు ఒక్కటే కాదు.

పాత బస్టాండును ఎట్లా కాపాడుకోవాలో అమెరికా నల్లజాతివాళ్లు చేసి చూపించారు. మాంట్‌గోమరీ నగరంలో 1955 డిసెంబర్ 1న తెల్లవాడి కోసం సీటు వదలనన్నందుకు రోసా పార్క్స్‌ను అరెస్టు చేశారు. నల్లవాళ్లు 381 రోజులు సిటీ బస్సెక్కకుండా నడిచి గెలిచారు. అదే నగరంలో గ్రేహౌండ్ బస్టాండు దగ్గర 1961 మే 20న, కలిసి ప్రయాణం చేసిన నల్ల, తెల్ల యువకులను అల్లరిమూక చావగొట్టింది. తర్వాత ఆ బస్టాండు మూతపడింది. దాన్ని కూలగొట్టనియ్యలేదు. 2011లో మ్యూజియం చేశారు. నల్లవాళ్లు వేరే ద్వారం నుంచి లోపలికి పోవాలనే నియమం ఉండేది. ఆ ద్వారాన్ని తర్వాత ఇటుకలతో మూసేశారు. మూసిన ఆ ద్వారాన్ని ఇప్పుడు వేలు పెట్టి చూపిస్తారు. తమ అవమానాన్ని గోడతో సహా నిలబెట్టుకున్నారు, రేపటి పిల్లలు చూడాలని. మనం ఆ పాటి పని చెయ్యలేమా?

గౌలిగూడకు దగ్గర్లోనే ఇసామియా బజార్ ఉంది. 1910లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడి పెట్టిన చోటు అది. మనల్ని పంచములు అనొద్దు, ఆది హిందువులు అనండి అని ఆయన కొట్లాడారు. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కించారు. మరుసటి ఏడే బస్సులు వచ్చాయి. ఈ రెంటినీ కలిపి హైదరాబాద్ చరిత్ర చెప్పేవాళ్లు కావాలి. చార్మినార్ చూపించే చెయ్యి ఇసామియా బజార్ దిక్కు కూడా తిరగాలి.

ఇక భూమి సంగతి. అసలు ప్రమాదం ఇక్కడుంది. పాత డిపోలు, బస్టాండ్లు నగరాల నడిబొడ్డున ఉన్నాయి. గజం ధర లక్షలు పలికే చోట్లు. అందుకే పాత గోడ కూలితే కొందరికి సంబరం. సంస్థకు నష్టాలొచ్చాయి, జాగా లీజుకిద్దాం అంటారు. ఆర్మూరులో ఆర్టీసీ జాగా లీజుకిచ్చి మాల్ లేపారు. కట్టాల్సిన లీజు బకాయిల కోసం 2023 డిసెంబరులో సంస్థే నోటీసులిచ్చి వెంటపడవలసి వచ్చింది. ప్రజల జాగా ఒకసారి చెయ్యి దాటితే ఏమవుతుందో చెప్పడానికి అది చాలు. అదే డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేశారు. మన తల్లులు, చెల్లెళ్లు కూరగాయల గంపలతో, పూల మూటలతో చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా పట్నం పోతున్నారు. కాలు పెట్టే సందు లేదు. ఉచితం ఇచ్చి బస్సు ఇయ్యకపోతే ఏం లాభం? బస్సులు పెంచాలంటే డిపో కావాలి. డిపోకు జాగా కావాలి. ఉన్న జాగాను మాలుకిచ్చి, బస్సు ఎక్కడ ఆపుతారు? మాల్‌లో మనకు దొరికేది మళ్లీ ఊడ్చే పనే.

కాబట్టి మేం అడిగేది స్పష్టంగా చెప్తున్నాం.

ఒకటి. పాత డిపోల్లో, బస్టాండ్లలో మిగిలిన షెడ్లు, గోడలు, గేట్లు ఏమేమున్నాయో లెక్క తియ్యాలి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం చేశారు. కోటలకు, మహళ్లకేనా ఆ చట్టం? కష్టజీవులు బతికిన చోట్లకు కూడా వర్తించాలి.

రెండు. గౌలిగూడలో మిస్రీమండ్ కథ చెప్పే ఫలకం పెట్టాలి. అందులో నిజాం పేరుతోపాటు ఊడ్చినవాళ్లు, బస్సులు కడిగినవాళ్లు, రాళ్లు మోసినవాళ్లు ఉండాలి. పాత జీతాల రిజిస్టర్లు వెతికి దొరికిన పేర్లు దొరికినట్టు చెక్కాలి.

మూడు. ఆర్టీసీ జాగా బస్సుకే, ప్రయాణికులకే. నీళ్లు, నీడ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, రాత్రి ఆగిపోయిన పల్లె మనిషికి తల దాచుకునే చోటు. వీటి తర్వాతే ఇంకేదైనా.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మాలో బడిపంతుళ్లున్నారు, సంఘం పిల్లలున్నారు. ప్రతి వాడలో ముసలివాళ్ల దగ్గర కూర్చుందాం. మొదటిసారి బస్సు ఎప్పుడెక్కినవ్ తాతా, ఎక్కడ కూర్చోనిచ్చిన్రు, పట్నంలో ఎక్కడ పన్నవ్ అవ్వా అని అడుగుదాం. డిపోలో పనిచేసి రిటైరైనవాళ్లను అడుగుదాం. చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకుని, కింద వాళ్ల పేరు, ఊరు వేసి మాకు పంపండి. మీరు పంపినవి ఈ పత్రికలో అచ్చు వేస్తాం. ఇనుప కప్పు కూలడానికి ఎనభై ఆరేండ్లు పట్టింది. ముసలివాళ్ల జ్ఞాపకం అన్నేండ్లు ఆగదు. ఈ పక్షంలోనే మొదలుపెట్టండి.

జై భీమ్!