ఊరి పేరు – వస్తువు విలువ

హైదరాబాదు నగరమున సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. 1901వ సంవత్సరమున స్థాపింపబడిన ఆ గ్రంథాలయమునకు సాయంకాలము పోయి వచ్చుట నాకు చిరకాలపు అలవాటు. ఒకనాడు ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమరాలు కూడ నా వెంట వచ్చినది. తిరిగి వచ్చునపుడు ఒక మిఠాయి అంగడి ముందు ఆగితిమి. అచ్చట ఒక అట్టపెట్టెపై “ఆత్రేయపురము పూతరేకులు” అని పెద్ద అక్షరములతో అచ్చువేసి యుండెను. ఒక పెట్టె కొని, ఇంటికి పోయి విప్పితిమి. రేకులు మందముగా ఉన్నవి. నేతి వాసన లేదు. నోట వేసికొనగా కరగుటకు మారుగా పండ్లకు అంటుకొనినవి.

మరునాడు ఆ అంగడివానిని అడిగితిని. అతడు దాపరికము లేకుండ, “పంతులుగారూ! ఇవి ఇక్కడ చేయించినవే. ఆ ఊరి పేరు వేయకున్న ఎవరు కొందురు?” అనెను. ప్రక్కనే ఉన్న నా మనుమరాలు, “తాతయ్యా! అయితే పెట్టెమీద ఉన్నది అబద్ధమే కదా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమును మీకు కూడ చెప్పవలెనని తోచినది.

ఆత్రేయపురము గోదావరి డెల్టాలోని గ్రామము. అచ్చట పూతరేకుల పని ఎక్కువగా స్త్రీల చేతులమీదుగా జరుగును. బియ్యము నానవేసి, మెత్తగా రుబ్బి, పిండిని మిక్కిలి జారుగా కలుపుదురు. బోర్లించిన కుండను క్రింద మంటపెట్టి కాచి, పలుచని గుడ్డను ఆ పిండిలో ముంచి, కుండపై ఒక్కసారి పరచి తీయుదురు. రెప్పపాటులో కాగితమువలె పలుచని రేకు లేచివచ్చును. ఆ రేకులకు నేయి పూసి, చక్కెరపొడి గాని బెల్లపుపొడి గాని చల్లి మడతపెట్టుదురు. మంట ఎక్కువైన రేకు మాడును. పిండి చిక్కబడిన రేకు మందమగును. ఈ హస్తలాఘవము ఒక్కనాటిలో అలవడునది కాదు. ఆ ఊరి పేరు వినగానే మనము రెండు రూపాయలు ఎక్కువ యిచ్చుటకు సిద్ధపడుదుము. ఆ రెండు రూపాయలు ఆ చేతుల నేర్పునకు చెల్లవలసినవి. ఆ పేరును ఊరకే వాడుకొనువాడు కొనువానిని మోసగించుటయే కాక, చేసినవారి కష్టఫలమును కూడ అపహరించుచున్నాడు.

ఇట్టి అన్యాయమును అరికట్టుటకే మన పార్లమెంటు 1999లో భౌగోళిక గుర్తింపుల చట్టమును చేసినది. 2003లో అది అమలులోనికి వచ్చినది. ఒక వస్తువు గుణము గాని, ప్రఖ్యాతి గాని అది పుట్టిన ప్రాంతమువలన కలిగినదని నిరూపించినచో, ఆ పేరును చెన్నైలోని కార్యాలయమున నమోదు చేయుదురు. మన దేశమున మొదట నమోదైనది డార్జిలింగు తేయాకు. తెలుగునాట హైదరాబాదు హలీము 2010లోను, బందరు లడ్డు, బనగానపల్లె మామిడి 2017లోను, తాండూరు కంది 2022లోను ఈ గుర్తింపును పొందినవి. ఆత్రేయపురము పూతరేకులకు 2023లో లభించినది. నమోదును పదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. తప్పుడు పేరుతో అమ్మువారికి కారాగారశిక్షయు జరిమానాయు విధింపవచ్చును. ఫ్రాన్సు దేశములో రోక్ఫోర్ అను ఊరి జున్నుకు 1925లోనే ఇట్టి రక్షణ కల్పించిరి. గొఱ్ఱెపాలతో చేసి, ఆ ఊరి కొండగుహలలో పక్వము చేసిన జున్నుకే అచ్చట ఆ పేరు చెల్లును.

అయితే గుర్తింపు పత్రము చేతికి వచ్చినంతమాత్రమున పని తీరునా? తీరదని నా అభిప్రాయము. పొరుగూరివాడు దొంగిలించిన పేరును చట్టము తిరిగి తెచ్చి యీయగలదు. కాని ఆ ఊరివారే నాసి సరకు చేసి అమ్మినచో, పోయిన పేరును ఏ చట్టము తేగలదు? ఊరి పేరు ఉమ్మడి చెఱువువంటిది. అందరును అందులోని నీరు త్రాగుదురు. ఒక్కడు మురికి కలిపినను అందరికిని చేటు. “పేరు గొప్ప, ఊరు దిబ్బ” అను సామెత ఊరకే పుట్టలేదు.

అందుచేత పేరుతోపాటు అందరును ఒప్పుకొన్న కొలత ఒకటి ఉండవలెను. మన నగరపు హలీము తయారీదారుల సంఘమువారు ఇట్టి కొలతలను పెట్టుకొనిరి. మాంసము పది పాళ్లయిన గోధుమలు నాలుగు పాళ్లు ఉండవలెను. నేయి స్వచ్ఛమైనదని పరీక్షలో తేలవలెను. రాగి పాత్రలో, కట్టెల మంటపై పండ్రెండు గంటలు ఉడుకవలెను. ఇట్లు వ్రాసికొనుటవలన ఎవరు తప్పినను వారిని ప్రశ్నించుటకు వీలు కలుగును. తమ సరకును తోటివారు పరీక్షించుటకు ఒప్పుకొనినవారే ఆ పేరునకు అర్హులు.

ఈ కట్టుబాట్లు పేదవారికి భారమని కొందరందురు. వారి మాటలో కొంత నిజము కలదు. చట్టము ప్రకారము ప్రతి ఉత్పత్తిదారుడును అధీకృత వినియోగదారుడుగా నమోదు కావలెను. కుండముందు కూర్చుండి రేకు తీయు స్త్రీ పేరు అందులో లేక, సరకు కొని అమ్ము వర్తకుని పేరు మాత్రమే ఉన్నచో, లాభమంతయు వానికే పోవును. కనుక సంఘములు ముందు చేతిపనివారిని చేర్చుకొనవలెను. పరీక్షల ఖర్చును ఉమ్మడిగా భరింపవలెను. భారమును పంచుకొనుట న్యాయము. భారమని నియమమునే వదలుకొనుట తగదు.

మరి సుల్తాన్ బజార్‌లో పూతరేకులు చేయరాదా? నిరభ్యంతరముగా చేయవచ్చును. వంట ఎవరి సొత్తును కాదు; ఊరి పేరు మాత్రమే ఆ ఊరి సొత్తు. ఆ అంగడివానితో నేను ఈ మాటయే చెప్పితిని. “పెట్టెమీద సుల్తాన్ బజార్ పూతరేకులు అని వేయుము” అంటిని. అతడు నవ్వి, “ఆ పేరు ఎవరికి తెలియును పంతులుగారూ?” అనెను. “ఆత్రేయపురము పేరు కూడ ఒకనాడు ఎవరికిని తెలియదు. బాగుగా చేసినందువలన తెలిసినది” అని బదులిచ్చితిని. అతడు ఏమియు పలుకలేదు.

బాలబాలికలారా! మీరు అంగడికి పోయినపుడు పెట్టెపై నున్న పెద్ద అక్షరములను చూచి సంతోషింపకుడు. ఎక్కడ చేసిరి, ఎవరు చేసిరి, ఎప్పుడు చేసిరి అను చిన్న అక్షరములను కూడ చదువుడు. తెలియనిచో అడుగుడు. అడుగువారు లేని అంగడిలో అబద్ధము హాయిగా కూర్చుండును. ఎనిమిదవ తరగతి బాలిక అడిగిన ఒక్క ప్రశ్నకు ఆ అంగడివాడు జవాబు చెప్పలేకపోయెను. అట్టి ప్రశ్న పదిమంది అడిగిననాడు అతడు పెట్టెమీది పేరు మార్చక తప్పదు.