గాలి పలికించే స్తుతి

తెలుగు బైబిల్లో 'పిల్లనగ్రోవి' (కీర్తన 150:4) అన్నచోట ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో 'ఆర్గన్లు' అని ఉంటుంది. రెండింటికీ ప్రాణం గాలే. వందలాది గొట్టాల పైప్ ఆర్గన్ టేకుమట్ల వంటి పల్లెలకు రాలేదు గానీ, దాని చిన్నచెల్లెలు హార్మోనియం వచ్చింది. 1840లలో పారిస్‌లో పేటెంటు పొందిన ఆ పెట్టెను కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చుని వాయించేలా మలిచారు. ఇప్పుడేమో కీబోర్డులో 'చర్చి ఆర్గన్' బటన్ నొక్కితే చాలని దాన్ని మూలకు నెట్టేస్తున్నాం.

ఆల్బర్ట్ ష్వైట్జర్‌ను ఆఫ్రికాలో మిషనరీ వైద్యునిగానే ఎరుగుదుం. ఆయన వేదాంత పండితుడు, ఆర్గన్ విద్వాంసుడు కూడా. యూరప్ చర్చిలు పాత ఆర్గన్లను తీసేసి హోరెత్తించే కొత్తవి పెట్టుకుంటుంటే, 1906లో ఏకంగా పుస్తకమే రాసి అడ్డుపడ్డారు. ఆ హోరులో బాఖ్ స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని ఆయన బాధ. 1936లో స్ట్రాస్‌బర్గ్‌లోని ఒక పాత ఆర్గన్‌పై ఆయన వాయించిన రికార్డులు వింటే ప్రతి వరుసా విడిగా తెలుస్తుంది.

మన ఆరాధనల్లోనూ స్పీకర్ల హోరే. వెనుక కూర్చున్న అవ్వ పాడుతోందో లేదో ఎవరికీ వినపడదు. హార్మోనియం అలా కాదు, సంఘం ఊపిరి తీసుకునే చోట తిత్తి ఆడించే చెయ్యీ కాస్త ఆగుతుంది. చిల్లుపడ్డ తిత్తికి అతుకు వేయించి, మూగబోయిన రీడు మార్పిస్తే అది మళ్లీ పలుకుతుంది. కీబోర్డు కొనగలిగిన సంఘానికి అదేమంత ఖర్చు?