పొర ముదిరేదాకా ఆగమన్నారు

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,

మా నాన్న దివిసీమ రైతు. కోడూరు దగ్గర పొలం. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టేవాడు, పేపరు చదివేవాడు. గట్టు మీద నడిచేటప్పుడు మాత్రం కాలు జారి చేలో పడేవాడు. పక్కనుంచి వచ్చే సైకిలు మీదికొచ్చేదాకా కనపడేది కాదు. పరధ్యానమని అమ్మ విసుక్కునేది. కంటి శిబిరానికి తీసుకెళ్తే టార్చి వేసి చూసి, “పొర వస్తోంది, ముదిరాక రండి” అన్నారు. ముదరాలని రెండేళ్లు ఆగాం.

చివరికి విజయవాడలో చూపిస్తే కంటి ప్రెషర్ 38. పొర ఉన్నమాట నిజమే గానీ, చూపు తినేసింది నీటికాసులు (గ్లాకోమా). పొర తీస్తే చూపొస్తుంది. నీటికాసుల్లో పోయిన కంటి నరం మళ్లీ రాదు. కుడికన్ను అప్పటికే పోయింది.

ఆరోజే డాక్టరుగారు, ఇది ఇంట్లోవాళ్లకూ రావచ్చని నన్నూ కుర్చీలో కూర్చోబెట్టారు. కంట్లో మొద్దుబార్చే చుక్క వేసి, గడ్డం ఆనించమని, నీలం వెలుగు కంటిదాకా తెచ్చి కొలిచారు. నాది 25. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలట. (బీపీ మాత్ర వేసుకుంటున్నాగా అంటారు మా ఊళ్లో. కంటి ప్రెషర్ వేరు, బీపీ వేరు.) కార్నియా మందం కొలిచి, నరం చూసి, “జబ్బు లేదు, ముప్పుంది. ఏటా చూపించుకో” అన్నారు.

ఆ ముప్పు ఎంతన్నది 2002లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. ప్రెషర్ 24 నుంచి 32 దాకా ఉండి, నరం బాగున్న 1,636 మందిని చూశారు. ఐదేళ్లలో చుక్కలు వేసుకోనివాళ్లలో నూటికి 9.5 మందికి, వేసుకున్నవాళ్లలో 4.4 మందికి నీటికాసులు మొదలయ్యాయి. అంటే ప్రెషర్ ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. ప్రెషర్ మామూలుగానే ఉండి నరం దెబ్బతినేవాళ్లూ ఉన్నారు. కొలవాలి, నరమూ చూడాలి.

మనకెందుకులే అనుకోవడానికి లేదు. 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాదులోనూ, కొల్లేటికి అవతల పశ్చిమ గోదావరితో సహా మూడు జిల్లాల్లోనూ సర్వే చేసింది. నీటికాసులు బయటపడిన పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అప్పటిదాకా తమకా జబ్బున్నట్టే తెలియదు. నొప్పి లేకుండా, పక్కచూపు నుంచి మొదలయ్యే జబ్బు మరి.

మా నాన్న చేసిన తప్పూ ఒకటుంది. నూర్పిళ్లప్పుడు కంట్లో ధూళి పడితే మందులషాపులో చుక్కలు కొని నెలల తరబడి వేసుకున్నాడు. స్టెరాయిడ్ చుక్కలవి. కొందరిలో కంటి ప్రెషర్‌ను పెంచేవి అవే. చీటీ లేకుండా వాటిని అమ్మకుండా మీరు ఆపించగలరు.

2023 నుంచి బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. అక్కడి కంటి విభాగంవాళ్లు నెలకోరోజు గుడివాడకూ అవనిగడ్డకూ వచ్చేలా చూడండి. నాగాయలంక మనిషికి విజయవాడ వెళ్లిరావడమంటే ఒకరోజు కూలి పోయినట్టే. ఏ శిబిరంలోనైనా నలభై దాటినవాళ్లకు ప్రెషర్ కొలిచి, ఆ అంకె చీటీ మీద రాసివ్వమనండి. జబ్బు బయటపడినవాళ్ల తోబుట్టువులను, పిల్లలను కబురుపెట్టి పిలిపించండి.

మా తమ్ముడికి నలభై రెండు. ఇంతవరకూ పరీక్ష చేయించుకోలేదు, పని వదిలి అంతదూరం రాలేనంటాడు. అవనిగడ్డలో ఏరోజు కొలుస్తారో చెప్పండి, వాణ్ణి నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
కోడూరు మండలం నుంచి ఒక రైతు కొడుకు