నెల రోజుల టిక్కు టిక్కు

మా పాత టీవీ ఆన్ చేస్తే ఎర్ర లైటు పచ్చగా మారుతుంది, లోపలేదో టిక్కుమంటుంది, మళ్ళీ ఎర్రబడుతుంది. నేను చూసింది మొన్న శనివారం. నాన్నకి నెల నించీ తెలుసట! "పది నిమిషాలు కొట్టుకుని అదే వస్తుందిరా, వేడెక్కాలి" అన్నారు తాపీగా. ఈ డాలస్ ఎండల్లో, మేం ఆఫీసుల నించి వచ్చేదాకా ఆయనకి ఆ టీవీయే తోడు. చెప్తే కొత్తది కొనేస్తానని చెప్పలేదట.

ప్లగ్గు పీకి, చాలాసేపు ఆగి (లోపలి పెద్ద కెపాసిటర్లో చార్జి నిలవుంటుంది, తొందరపడకండి) వెనక డొప్ప విప్పాను. పవర్ బోర్డు మీద రెండు కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఇలాంటివి చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, కాస్త వేడెక్కాక ఎలాగో లాక్కొస్తాయి. అంటే నాన్న చెప్పింది అక్షరాలా నిజం! డిగ్రీ ఉందన్న మాటే గానీ నేను సోల్డరింగ్ ఐరన్ పట్టి పదిహేనేళ్ళయింది. వాటి మీద 1000 మైక్రోఫారడ్లు, 10 వోల్టులు అని ఉంది. అదే కెపాసిటీతో 16 వోల్టులవి తెప్పించాను. వోల్టులు ఎక్కువున్నా ఫర్వాలేదు, తగ్గకూడదు. ప్లస్సూ మైనస్సూ చూసుకుని అతికిస్తుంటే నాన్న టార్చి పట్టుకున్నారు.

ఒక్క టిక్కుకే బొమ్మ వచ్చేసింది.

"ఇంకా ఏమైనా దాచారా నాన్నా?" అన్నాను, నవ్వుతూనే.

ఆయన రెండు మూడు ఛానెళ్ళు మార్చి, "ఎడం చెవి సరిగ్గా వినబడ్డం లేదురా" అన్నారు.