వేసవిలో జిడ్డు తల: నూనె మీద మరింత నూనె ఎందుకు?

ఎండలు ముదిరేసరికి మన ఇండ్లలో ఒక ఫిర్యాదు తప్పక వినవస్తుంది. ప్రొద్దున తలస్నానం చేసిన జుట్టు సాయంత్రానికి పాయలు పాయలుగా అతుక్కుపోతుంది. నుదురు జిగటగా మెరుస్తుంది. తలగడ గలీబు రెండు రోజులకే ముక్కవాసన కొడుతుంది. దీనికి ఇంట్లోని పెద్దలు చెప్పే మందు, చిత్రమేమంటే, సాధారణంగా నూనెయే. “తల వేడెక్కింది, చలవకు కాస్త నూనె పెట్టు” అంటారు. ఈ సలహాను నేను గౌరవిస్తాను కాని, అంగీకరించను. ఎందుకు అంగీకరించనో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా అక్కయ్యది విజయవాడ. రెండేళ్ళ క్రిందట వేసవి సెలవులకు ముందు ఆమె ఇంట్లో వారం రోజులు ఉన్నాను. కూతురు తొమ్మిదో తరగతి. చక్కని ఒత్తైన జుట్టు. ప్రతి ఉదయం అక్కయ్య గిన్నెలో కొబ్బరినూనె పోసుకొని కూర్చొని, పిల్ల మాడు తడిసేదాకా మర్దించి, బిగుతుగా రెండు జడలు వేసి పంపేది. తలస్నానం మాత్రం ఆదివారం నాడే. అంటే ఆరు రోజుల నూనె, దాని మీద ఆరు రోజుల చెమట, ఆటోల పొగ, దుమ్ము. ఒక సాయంత్రం ఆ పిల్ల నా ప్రక్కకు వచ్చి, “పిన్నీ, బడిలో నన్ను నూనెడబ్బా అంటున్నారు. నా ప్రక్కన ఎవరూ కూర్చోవడం లేదు” అన్నది. నుదుటి నిండా చిన్న చిన్న పొక్కులు. చెవుల వెనుక పసుపుపచ్చని పొట్టు. నేను అక్కయ్యతో ఈ సంగతి ఎత్తగానే, “నీకేం తెలుసే! జుట్టు రాలుతోందని నేను ఏడుస్తుంటే నూనె మానెయ్యమంటావా?” అని కోప్పడింది.

ఆమె కోపంలో అబద్ధం లేదు. తల్లి చేతి నూనె అంటే మన ఇండ్లలో కేవలం నూనె కాదు. కాని ఆ పిల్ల అవస్థా అబద్ధం కాదు.

అసలు ఈ జిడ్డు ఎక్కడిది? ప్రతి వెంట్రుక మొదట్లోనూ ఒక తైలగ్రంథి ఉంటుంది. అది స్రవించే కొవ్వు పదార్థాన్ని వైద్యులు సీబం అంటారు. యౌవనం అంకురించే వయస్సులో హార్మోన్ల ప్రేరణ వల్ల ఈ గ్రంథులు చురుకుగా పనిచేయడం మొదలుపెడతాయి. అందుకే పదేళ్ళ పిల్ల తలకు లేని జిడ్డు పద్నాలుగేళ్ళ పిల్ల తలకు వస్తుంది. అది మురికితనం కాదు, సోమరితనమూ కాదు, వయోధర్మం. వేసవి వేడికి ఈ స్రావం మరింత పలుచనై త్వరగా ప్రాకుతుంది. సాపైన సన్నని జుట్టు మీద ఇంకా వేగంగా జారుతుంది. ఉంగరాల జుట్టువారికి ఈ బాధ కొంత తక్కువ. కోస్తా ఊళ్ళలో, గాలిలోని తేమ వల్ల చెమట ఆరదు. చెమట, సీబం కలిసి తలకు పూతలాగా పడుతుంది. రాయలసీమలో, తెలంగాణలో వేడి పొడివేడి. అక్కడ చెమట ఇట్టే ఆరిపోతుంది. కనుక అనంతపురంలోని తలకు సరిపడిన అలవాటు మచిలీపట్నంలోని తలకు సరిపడాలని లేదు. ఈ చిన్న విషయం మనం మరచిపోతున్నాము.

“మరి శాస్త్రం నూనె పెట్టమన్నది కదా” అని అడిగేవారున్నారు. నిజమే. చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో నిత్యం తలకు తైలం పెట్టుకొనేవానికి తలనొప్పి, బట్టతల, అకాలపు నెరుపు రావని చెప్పబడినది. ఈ మాటను అందరూ ఉదహరిస్తారు. అష్టాంగ హృదయంలో వాగ్భటుడు కూడా దినచర్యాధ్యాయంలో అభ్యంగాన్ని నిత్యం ఆచరించమని, తలకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయమని చెప్పాడు. అయితే ఆ వెంటనే ఆయన ఇంకొక మాట కూడా అన్నాడు. కఫం ప్రకోపించినవారు, శోధన చికిత్స చేయించుకొన్నవారు, అజీర్ణంతో ఉన్నవారు అభ్యంగం మానవలెను అని. మొదటి మాటను కంఠస్థం చేసిన మనవారు రెండవ మాటను చదవలేదేమో అని నాకు అనుమానం. స్నిగ్ధత, బరువు, దురద కఫ లక్షణాలు. జిడ్డు కారుతూ, బరువెక్కి, దురదపెడుతున్న తలకు స్నేహద్రవ్యం మీద స్నేహద్రవ్యం పోయడం ఏ శాస్త్రానికి సమ్మతం?

అదే అధ్యాయంలో మరొక హితవు ఉన్నది. వేడినీటి స్నానం కంఠం క్రింది భాగానికి బలాన్ని ఇస్తుంది, అదే వేడినీరు తల మీద పోసుకొంటే కేశాలకు, కన్నులకు బలహాని అని. జిడ్డు వదలడానికి పొగలుగక్కే నీళ్ళు గుమ్మరించుకొనేవారు దీనిని గుర్తుంచుకోవాలి. గోరువెచ్చని నీరు చాలు. వేసవిలో చన్నీళ్ళయినా సరే.

మన భాషలోని “తలంటు” అనే మాటను ఒకసారి ఆలోచించండి. తలంటు అంటే నూనె పెట్టడం మాత్రమే కాదు. నూనె అంటి, నలుగు పెట్టి, కుంకుడురసంతో రుద్ది కడిగివేయడం దాకా అంతా కలిపి తలంటు. నరకచతుర్దశి నాడు గాని, భోగి నాడు గాని, ఉగాది నాడు గాని అమ్మమ్మలు మనకు నూనె పెట్టి వారం రోజులు అలాగే తిరగమనలేదు. గంటలోపే కళ్ళు మండేలా కుంకుడుపులుసుతో కడిగేశారు. సంప్రదాయమని మనం వాదిస్తున్న ఈ “పెట్టి వదిలేసే” పద్ధతి సంప్రదాయంలో సగమే. కడగడం అనే మిగతా సగాన్ని తీరిక లేక, నీళ్ళు లేక, మంగళవారమని, శుక్రవారమని వాయిదా వేస్తున్నాము.

నూనెకు గుణం లేదని నేననను. కొబ్బరినూనె వెంట్రుకలోనికి చొచ్చుకొని, కడిగేటప్పుడు వెంట్రుకలోని మాంసకృత్తులు నష్టపోకుండా కాపాడుతుందని 2003లో మన దేశపు పరిశోధకులే ప్రయోగపూర్వకంగా చూపించారు. స్నానానికి ముందు రాసుకొన్నా ఈ లాభం దక్కుతుంది. కాబట్టి జిడ్డు తలవారు స్నానానికి గంట ముందు, మాడుకు కాకుండా జుట్టు సగం నుంచి చివరల దాకా పలుచగా రాసుకొని, తరువాత శుభ్రంగా కడుక్కొంటే ప్రయోజనం వస్తుంది, బాధ ఉండదు. మాడుకు కావలసిన నూనెను భగవంతుడు లోపలినుంచే ఇస్తున్నాడు కదా!

ఇక భయాల సంగతి. “తరచుగా తల కడిగితే జుట్టు ఊడిపోతుంది” అన్నది మొదటి భయం. ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. వారానికి ఒకసారి తలస్నానం చేసేవారికి జడలో చిక్కుకొని ఉన్న వారం రోజుల వెంట్రుకలు ఒక్కసారిగా చేతికి వస్తాయి. ఆ ముద్దను చూసి తల్లులు హడలిపోతారు. అవి కడగడం వల్ల ఊడినవి కావు, అంతకుముందే ఊడి, కడిగినప్పుడు కనబడినవి. రెండవ భయం కొత్తది. ఎక్కువసార్లు కడిగితే గ్రంథులు పగబట్టి మరింత జిడ్డు కారుస్తాయని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. గ్రంథుల పనిని నడిపేది ముఖ్యంగా లోపలి హార్మోన్లు, బయటి చెంబుడు నీళ్ళు కావు. కడిగిన తల మళ్ళీ జిడ్డవుతుందంటే గ్రంథి తన పని తాను చేసుకుపోతున్నదన్న మాట. జిడ్డు తలవారు మండువేసవిలో రోజు విడిచి రోజు తలస్నానం చేయవచ్చు. ఎండన తిరిగి చెమటలు కక్కేవారు మృదువైన ద్రవ్యంతో రోజూ చేసినా దోషం లేదు.

దేనితో కడగాలి? నా ఓటు కుంకుడుకాయకే. అందులోని సాపోనిన్లు సహజమైన నురుగుద్రవ్యాలు. జిడ్డును పట్టి నీటితో పాటు తీసుకుపోతాయి. మన పట్టణాలలో ఇప్పుడు చాలా ఇండ్లకు బోరునీరే గతి. ఆ ఉప్పునీటిలో సబ్బు విరిగి, తెల్లని జిగురుగా మారి వెంట్రుకలను అంటిపెట్టుకొంటుంది. ఒంటి సబ్బుతో తల రుద్దుకొని “ఎంత కడిగినా జిడ్డు పోవడం లేదు” అనేవారి బాధకు మూలం చాలాసార్లు ఇదే. కుంకుడురసానికి ఈ చిక్కు దాదాపుగా లేదు. నడుము దాకా జుట్టు ఉన్నవారికి పది పన్నెండు కాయలు చాలు. పగులగొట్టి, గింజలు తీసివేసి, పెంకులను రెండు గ్లాసుల వేడినీటిలో అరగంట నానబెట్టి, చేత్తో పిసికి, పలుచని గుడ్డలో వడగట్టాలి. వడగట్టడం బద్ధకించవద్దు. పిప్పి జుట్టులో చిక్కుకొంటే దురద పుడుతుంది. రోజు విడిచి రోజు వాడేవారు కాయల సంఖ్యను సగానికి తగ్గించి రసాన్ని పలుచన చేసుకోవాలి, లేకుంటే జుట్టు చివరలు గడ్డిపోచల్లా అవుతాయి. కంట్లో పడితే మంట మాత్రమే కాదు, కనుగ్రుడ్డుకు హాని కూడా జరగవచ్చు. పిల్లలకు తల వెనుకకు వంచి పోయండి. పొరపాటున పడితే ధారగా మంచినీళ్ళతో కడగండి.

శీకాయ మరింత మృదువు. ఎండుజుట్టువారికి అది మేలు, జిడ్డు తలకు రెండింటినీ కలిపి వాడవచ్చు. ఉద్యోగానికి పరుగెత్తే గృహిణికి ఉదయం ఆరింటికి కుంకుడుకాయలు కొట్టుకొనే తీరిక ఎక్కడిది అని మీరు అడిగితే, నేను షాంపూను తిట్టను. ఆ మాటే చాంపడం, అంటే మర్దించడం అనే అర్థంగల హిందీ మాట నుంచి పుట్టింది. 1814లో ఇంగ్లండులోని బ్రైటనులో స్నానశాల తెరిచిన మన దేశీయుడు షేక్ దీన్ మహమ్మద్ దానిని ఆ దేశంలో ప్రచారంలోకి తెచ్చాడు. మన వస్తువు మనకే తిరిగి వచ్చిందనుకోండి! కొంచెం తీసుకొని, చేతిలో నీళ్ళతో పలుచన చేసి, మాడుకు మాత్రమే రుద్దితే చాలు. కండిషనరు వాడేవారు దానిని మాడుకు తగలనీయకుండా చివరలకే పరిమితం చేయాలి.

వంటింటి పూతల విషయంలో కొంచెం నిష్ఠురంగానే మాట్లాడతాను. కోడిగ్రుడ్డు, మీగడ పెరుగు, అరటిపండు, నానబెట్టి రుబ్బిన మెంతులు, ఇవి ఎండిపోయిన జుట్టుకు చేసే మేలు జిడ్డు జుట్టుకు చేయవు. మందారాకు జిగురు జుట్టును మెత్తబరుస్తుంది, జిడ్డును తీయదు. నిమ్మకాయను కోసి మాడుకు రుద్ది ఎండలోకి వెళ్ళడం ప్రమాదం. నిమ్మరసం తగిలిన చర్మం ఎండకు కమిలి నల్లని మచ్చలు పడుతుంది. కావాలంటే చెంబుడు నీళ్ళలో ఒక చెంచా రసం కలిపి చివర పోసుకొని, మళ్ళీ మంచినీళ్ళతో కడిగేయండి. మరీ తొందరలో పెసరపిండి కొద్దిగా జల్లి దువ్వుకోవచ్చు. అది జిడ్డును పీల్చుకొంటుంది కాని స్నానానికి మారు కాదు.

దువ్వెన గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటిల్లిపాదికీ ఒకటే దువ్వెన, దాని పండ్ల మధ్య నల్లని జిడ్డు. కడిగిన తలను దానితో దువ్వితే కడిగిన ఫలం ఏముంది? మిగిలిన కుంకుడురసంలో దువ్వెనలను నానవేసి పాత బ్రష్షుతో రుద్దండి. తలగడ గలీబు వారానికి రెండుసార్లు మార్చండి. మగవారు హెల్మెట్ లోపలి గుడ్డను ఎన్నాళ్ళకొకసారి ఉతుకుతున్నారో తమను తామే ప్రశ్నించుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది చుండ్రు. దానిని పొడితనమని భ్రమించి నూనె పెట్టడం మన ఇండ్లలో సర్వసాధారణం. పసుపుపచ్చని, జిడ్డు పొట్టు అయితే అది పొడితనం కాదు. మాడు మీద నివసించే మలసీజియా అనే సూక్ష్మజీవి సీబంలోని కొవ్వు ఆమ్లాల మీద బతుకుతుంది. మనం పెట్టి వదిలేసే నూనె కూడా దానికి ఆహారమే. నూనెకు పొట్టు తాత్కాలికంగా అతుక్కొని కనబడకుండా పోతుంది, మనం తగ్గిందనుకొంటాము. నుదుటి మీది పొక్కుల సంగతీ అంతే. తలకు జిడ్డు లేపనాలు పూసుకొనేవారికి నుదుట వచ్చే మొటిమలను 1970లో అమెరికా చర్మవైద్యులు వర్ణించి పొమేడ్ ఆక్నే అని పేరు పెట్టారు. మా అక్కయ్య కూతురి నుదుటి మీద నేను చూసింది అటువంటిదే.

ఇంటి చిట్కాలకు హద్దు ఉన్నది. నెలరోజులు శుభ్రంగా కడిగినా పొట్టు, ఎరుపు, దురద తగ్గకపోతే చర్మవైద్యుని చూడండి. ఆయన కీటోకొనజోల్ షాంపూ వ్రాస్తే ఆయుర్వేదాభిమానులము కదా అని మొగం తిప్పుకోవద్దు. ఆడపిల్లలకు జిడ్డుతో పాటు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం, మొటిమలు విపరీతం కావడం కనబడితే, అది తల మీద తేలే సమస్య కాదు, అండాశయాల సంగతి పరీక్ష చేయించాలి.

బడుల వారికి ఒక మనవి. నూనె పెట్టుకొని, రెండు జడలు వేసుకొని రాకపోతే గుమ్మంలో నిలబెట్టే నియమం ఇంకా కొన్నిచోట్ల ఉన్నది. జుట్టు ముడిచి కట్టుకొని రమ్మనడం సబబే. నూనె పెట్టుకొని రమ్మనడం ఏమి క్రమశిక్షణ? ఏప్రిల్ నెలలో, ఫంకా తిరగని గదిలో, నలభైమంది మధ్య కూర్చోవలసింది ఆ పిల్ల.

మా అక్కయ్య నా మాట వెంటనే వినలేదు. వాగ్భటుని మాట చూపించాక కొంత మెత్తబడింది. బడికి వెళ్ళి ఆ పంతులమ్మతో తానే మాట్లాడింది. పిల్ల ఇప్పుడు వారానికి మూడుసార్లు తలస్నానం చేస్తున్నది. చెవుల వెనుక పొట్టుకు మాత్రం వైద్యుని షాంపూయే కావలసి వచ్చింది, కుంకుడుకాయతో లొంగలేదు. నుదురు తేటపడడానికి రెండు నెలలు పట్టింది. ఆదివారం ఉదయం మాత్రం తల్లీకూతుళ్ళు పెరటి గడప మీద కూర్చొంటారు. అక్కయ్య గిన్నెలో రెండు చెంచాల నూనె పోసుకొని జుట్టు చివరలకు రాస్తుంది. ప్రక్కనే బకెట్టులో కుంకుడురసం సిద్ధంగా ఉంటుంది.